నెలసరిని గమనించడానికి నోట్‌బుక్కా, యాపా, థర్మామీటరా? ఎవరికి ఏది పనికొస్తుంది

విశాఖలో ఏ గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లినా, కేజీహెచ్ ఓపీ అయినా, పాతనగరంలోని ఘోషాసుపత్రి అయినా, ఎంవీపీ కాలనీలో ప్రైవేటు క్లినిక్ అయినా, మొదటి ప్రశ్న ఒకటే: "ఆఖరిసారి డేట్ ఎప్పుడొచ్చింది?" మనలో చాలామందిమి పండగలతో జవాబు చెబుతాం. "వినాయక చవితికి రెండ్రోజుల ముందండి", "మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్ అయిన మర్నాడు." అంతకు ముందు నెల ఎప్పుడని అడిగితే తడబడతాం. ఎన్నాళ్లకోసారి వస్తుంది, ఎన్ని రోజులుంటుంది, ఏ రోజు నొప్పి ఎక్కువ అంటే "మామూలేనండి" అనేస్తాం. ఆ మామూలు ఏమిటో మనకే సరిగ్గా తెలియకుండా ఏళ్లకేళ్లు గడిచిపోతాయి.

కొన్ని నెలలు రాసిపెట్టుకుంటే ఈ తడబాటు పోతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. మన నిద్ర, ఆకలి, చిరాకు, తలనొప్పి, ఓపిక వీటికి నెలసరితో నిజంగా సంబంధం ఉందో లేదో తేలుతుంది. తీరా రాద్దామని కూర్చుంటే మాత్రం దారులు ఎక్కువైపోయాయి. గోడ క్యాలెండర్, నోట్‌బుక్, ఫోన్ యాప్, థర్మామీటర్, మూత్రంతో చేసే స్ట్రిప్‌లు, వేలికి పెట్టుకునే రింగు, ల్యాబ్ వాళ్ల హార్మోన్ ప్యాకేజీ. వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. అందుకే ఏదైనా కొనేముందు మీరు తెలుసుకోవాలనుకుంటున్నదేమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. "నా డేట్ ఎప్పుడొస్తుందో తెలియాలి" అన్నది ఒక ప్రశ్న. "నాకు అండం విడుదలవుతోందా" అన్నది ఇంకోటి. "ప్రతి నెలా కొన్ని రోజులు నేను నాలా ఎందుకు ఉండలేకపోతున్నాను" అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. వీటన్నిటికీ ఒకే వస్తువు సరిపోదు.

ముందు లెక్క

ఏ దారి పట్టినా లెక్క ఒకటే. రక్తస్రావం సరిగ్గా మొదలైన రోజు ఒకటో రోజు. ముందు రోజు కనిపించిన చిన్న మరక లెక్కలోకి రాదు, దాన్ని విడిగా గుర్తు పెట్టుకుంటే చాలు. మళ్లీ డేట్ వచ్చే ముందు రోజు వరకు ఒక చక్రం. చాలామంది డేట్ ఆగిన రోజు నుంచి లెక్కపెడతారు. దాంతో నాలుగైదు రోజులు తగ్గిపోయి "నాకు ఇరవై మూడు రోజులకే వచ్చేస్తోంది" అని అనవసరంగా టెన్షన్ పడతారు.

అంతర్జాతీయ గైనకాలజిస్టుల సమాఖ్య ఫిగో లెక్క ప్రకారం పెద్దవాళ్లలో 24 నుంచి 38 రోజుల మధ్య ఎంతైనా మామూలే. రక్తస్రావం 8 రోజుల్లోపు ఆగాలి. పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్లు ఆడపిల్లలకి 21 నుంచి 45 రోజుల మధ్య అటూ ఇటూ అవుతుంటే భయపడనక్కర్లేదు. అందరి నోటా వినిపించే 28 రోజులన్నది ఎక్కువమందికి వర్తించదు. 2019లో ఒక యాప్‌లోని 6 లక్షలకు పైగా చక్రాలను పరిశీలిస్తే సగటు 29.3 రోజులని తేలింది. సరిగ్గా 28 రోజులున్నవి 13 శాతం మాత్రమే.

అదే పరిశీలనలో నాకు ఎక్కువ పనికొచ్చిన సంగతి ఇది: డేట్ మొదలైన దగ్గర్నుంచి అండం విడుదలయ్యేవరకు సగటున 16.9 రోజులు, అక్కణ్ణుంచి మళ్లీ డేట్ వచ్చేవరకు 12.4 రోజులు. ఎక్కువగా సాగేదీ కుదించుకుపోయేదీ మొదటి సగమే. అంటే ఈ నెల డేట్ వారం ఆలస్యమైందంటే చాలాసార్లు అండమే వారం ఆలస్యంగా విడుదలైందన్న మాట. కారణం కోసం నిన్న తిన్న బొప్పాయినీ మొన్న ఎక్కిన మెట్లనీ వెతుక్కుంటే దొరకదు. రెండు మూడు వారాల వెనక్కి వెళ్లి చూడాలి. అప్పుడు జ్వరం వచ్చిందా, వరసగా నైట్ షిఫ్టులు పడ్డాయా, ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చారా? ఇలా వెనక్కి తిరిగి చూసుకోవడానికే రాత కావాలి. (అమావాస్యకీ పౌర్ణమికీ ముడిపెట్టేవాళ్లు మన ఇళ్లల్లో చాలామందే ఉన్నారు. చంద్రుడి చక్రం 29.5 రోజులు, మన సగటు దానికి దగ్గర. అందుకే కొన్ని నెలలు కలిసినట్టు కనిపిస్తుంది, తర్వాత విడిపోతుంది.)

గోడ క్యాలెండర్, నోట్‌బుక్

వంటింటి గోడకి తగిలించిన తెలుగు క్యాలెండర్లో గ్యాస్ బుక్ చేసిన తేదీ, పాలవాడు రాని రోజులు, చీటీ కట్టిన రోజు అన్నీ ఉంటాయి. వాటి పక్కనే డేట్ కూడా ఒక చుక్కగా పెట్టేవాళ్లు మన అమ్మల తరంలోనే ఉన్నారు. చవగ్గా, చార్జింగ్ గొడవ లేకుండా, ఏడాదంతా ఒక్కచోట కనిపిస్తుంది. తేదీలు మాత్రమే కావాలనుకుంటే ఇంతకు మించి అక్కర్లేదు. కానీ గోడమీద ఉన్నది ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. బయట కూర్చోబెట్టే ఆచారం ఇంకా ఉన్న ఇళ్లల్లో ఆ చుక్క మీద మీకంటే మిగతావాళ్లకే హక్కు ఎక్కువైపోతుంది. అలాంటి ఇంట్లో ఉంటే చిన్న నోట్‌బుక్ మేలు.

నేను ఎవరికైనా మొట్టమొదట చెప్పేది నోట్‌బుక్కే. మిగతావన్నీ దాని తర్వాతే. ఎందుకంటే అందులో మీరు రాసిందే ఉంటుంది. యాప్ ఇచ్చే జాబితాలో లేని సంగతులు మన బతుకుల్లో చాలా ఉంటాయి. కార్తీక సోమవారం ఉపవాసం, శివరాత్రి జాగారం, పిల్లాడి పరీక్షలు, ఊరి నుంచి వచ్చిన చుట్టాలు, ఏసీ లేని గదిలో మే నెల ఉక్కపోత. ఇవన్నీ నిద్రనీ మూడ్‌నీ మారుస్తాయి. ఇవి రాయకుండా నొప్పి, చిరాకు మాత్రమే రాస్తే అన్నీ హార్మోన్ల ఖాతాలో పడిపోతాయి.

రోజుకి ఒక వరస చాలు. ఇలా:

"14వ తేదీ. 24వ రోజు. రాత్రి నిద్ర సరిగా పట్టలేదు, కరెంటు పోయింది. మధ్యాహ్నం నుంచి కుడివైపు తలనొప్పి. రొమ్ముల్లో సలుపు. సాయంత్రం అమ్మ మీద ఫోన్లో కసురుకున్నాను. నొప్పి 1, చిరాకు 3, ఓపిక 1."

అంకెలు 0 నుంచి 3 వరకు పెట్టుకోండి, 0 అంటే లేదు, 3 అంటే పని ఆపేసేంత. తేదీ పక్కన ఎన్నో రోజు అన్నది తప్పకుండా రాయాలి. మూడు నెలల తర్వాత 24వ రోజులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే సంగతి బయటపడుతుంది. ప్రతిసారీ ఆ రోజుకి అటూ ఇటూ తలనొప్పి వస్తోందా, లేక ఆ ఒక్కసారేనా? నెలసరితో ముడిపడిన మైగ్రేన్ సాధారణంగా డేట్‌కి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు లోపు వస్తుంది. ఇది తెలిస్తే డాక్టరు మందు ఇచ్చే తీరే మారిపోవచ్చు.

రక్తస్రావం ఎక్కువా తక్కువా అన్నది కూడా నోట్‌బుక్‌లోనే బాగా తేలుతుంది. "ఎక్కువే అవుతోందండి" అంటే డాక్టరుకి ఏమీ అర్థం కాదు. 1990 నుంచి వాడుకలో ఉన్న ఒక సులువైన లెక్క ఉంది. కొద్దిగా తడిసిన ప్యాడ్‌కి 1, సగం వరకు తడిస్తే 5, పూర్తిగా నానిపోతే 20. చిన్న గడ్డకి 1, పెద్ద గడ్డకి 5. ఆ నెల మొత్తం కూడితే 100 దాటిందంటే రక్తస్రావం ఎక్కువ అవుతున్నట్టే, డాక్టరుకి చూపించాలి. మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవాళ్లకి ఇంకా సులువు, చాలా కప్పుల మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. నెలకి 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. ఇది చిన్న విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందనీ, జుట్టు ఊడిపోతోందనీ వయసు మీద తోసేసేవాళ్లలో ఎంతమంది నెలనెలా ఇలా రక్తం పోగొట్టుకుంటున్నారో ఆలోచించండి.

ఇంకో మాట. సింహాచలం చందనోత్సవానికనో, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర గురువారాలకనో, ఇంట్లో పెళ్లికనో డేట్ వాయిదా మాత్రలు వేసుకునేవాళ్లు మన ఊళ్లో చాలామంది. ఆ నెలని నోట్‌బుక్‌లో విడిగా గుర్తు పెట్టండి, సగటు లెక్కలోకి తీసుకోకండి. ఆ మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకి ప్రమాదం, డాక్టరు చెప్పాకే వేసుకోవాలి.

యాప్‌లు

యాప్‌లో సుఖం ఏమిటంటే ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది. గుర్తు చేస్తుంది, సగటు తనే తీస్తుంది, ఏడాది లెక్క ఒక్క తెరమీద చూపిస్తుంది. చక్రం 26 నుంచి 32 రోజుల మధ్య స్థిరంగా ఉన్నవాళ్లకి, ప్రయాణాలూ పరీక్షలూ ముందే చూసుకోవాలనుకునే కాలేజీ అమ్మాయిలకి, రుషికొండ ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లకి ఇది చాలు.

అయితే అది "ఈ రోజు మీ అండం విడుదల" అని చూపించే చుక్క మీద నమ్మకం పెట్టుకోకండి. మీరు తేదీలు మాత్రమే ఇస్తే అది చేసేది కూడిక, తీసివేత మాత్రమే. మీ ఒంట్లో జరిగింది దానికి తెలియదు. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, గర్భం వచ్చే అవకాశమున్న ఆరు రోజులూ పుస్తకాల్లో చెప్పినట్టు 10 నుంచి 17వ రోజు లోపే పూర్తిగా పడినవాళ్లు 30 శాతం మాత్రమే. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాక, డేట్ క్రమం తప్పే సమస్య) ఉన్నవాళ్లకైతే యాప్ మరీ కష్టం. రోజూ తెరవగానే "9 రోజులు ఆలస్యం", "10 రోజులు ఆలస్యం" అని ఎర్రగా చూపిస్తుంటే ఉన్న టెన్షన్ రెట్టింపవుతుంది. అలాంటివాళ్లు ఆ అంచనాలు ఆపేసే వీలున్న యాప్ ఎంచుకోవాలి, లేదా నోట్‌బుక్‌తోనే ఉండాలి.

రెండోది గోప్యత. ఇది పెద్ద పేరున్న యాప్‌ల విషయంలోనూ తేలిన సంగతే. ఫ్లో అనే యాప్ వాడినవాళ్ల వివరాలు ఫేస్‌బుక్, గూగుల్ లాంటి సంస్థలకి చేరాయన్న ఆరోపణ మీద అమెరికా వాణిజ్య కమిషన్‌తో 2021లో ఒప్పందానికి రావాల్సి వచ్చింది. మన దేశంలో తయారైన మాయా యాప్ గురించి 2019లో ప్రైవసీ ఇంటర్నేషనల్ ఇలాంటిదే బయటపెట్టింది. అందుకని యాప్ పెట్టుకునేముందు మూడు చూడండి: వివరాలు మీ ఫోన్లోనే ఉంటాయా, ఖాతా తెరవకుండా వాడొచ్చా, మీ రికార్డు మొత్తం బయటికి తీసుకోవచ్చా. ఈ లెక్కన డ్రిప్ అనే ఓపెన్ సోర్స్ యాప్ నాకు నచ్చుతుంది, రాసింది ఫోన్ దాటిపోదు. ఐఫోన్ ఉన్నవాళ్లకి హెల్త్ యాప్‌లోనే 2019 నుంచి నెలసరి నమోదు ఉంది, వేరే ఏదీ అక్కర్లేదు. ఫోన్ పిల్లల చేతుల్లోకీ మరిది చేతుల్లోకీ వెళ్లే ఇళ్లల్లో నోటిఫికేషన్లు ఆపేయడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

థర్మామీటర్

అండం నిజంగా విడుదలైందా అన్న ప్రశ్నకి ఇంట్లో కూర్చుని, పెద్ద ఖర్చు లేకుండా జవాబు చెప్పేది ఇదొక్కటే. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, దానివల్ల ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగి మళ్లీ డేట్ వచ్చేవరకు అక్కడే ఉంటుంది. ఫారెన్‌హీట్‌లో చెప్పాలంటే దాదాపు అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ.

పద్ధతి కఠినంగా ఉంటుంది. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే, మాట్లాడకముందే, కాఫీ తాగకముందే నాలుక కింద పెట్టుకోవాలి. రోజూ ఒకే వేళకి. అంతకు ముందు కనీసం మూడు గంటలు ఏకబిగిన నిద్రపోయి ఉండాలి. కరోనా రోజుల్లో కొన్న నుదుటి గన్ థర్మామీటర్ దీనికి పనికిరాదు. రెండు దశాంశాలు చూపించే బేసల్ థర్మామీటర్ అయితే మంచిది. అది దొరక్కపోతే ఫారెన్‌హీట్‌లో ఒక దశాంశం చూపే మామూలు డిజిటల్ థర్మామీటర్‌తో మొదలుపెట్టినా తేడా కనబడుతుంది.

వరసగా ఇలా వస్తాయనుకోండి: 97.3, 97.2, 97.4, 97.1, 97.3, 97.3, తర్వాత 97.8, 97.9, 98.0. ముందు ఆరు రోజుల కంటే పైన వరసగా మూడు రోజులు నిలబడితే అండం విడుదలైనట్టు లెక్క. ఒక్క రోజు పెరిగి మర్నాడు పడిపోతే అది జ్వరమో, నిద్రలేమో, రాత్రి ఫంక్షన్‌లో ఆలస్యంగా తినడమో అయ్యుంటుంది. ఇక్కడ మర్చిపోకూడని సంగతి ఒకటుంది. వేడి పెరిగిందని తెలిసేసరికి అండం విడుదలైపోయి ఉంటుంది. ముందే చెప్పడం థర్మామీటర్ వల్ల కాదు, జరిగిందని నిర్ధారించడమే దాని పని. పెరిగిన వేడి 18 రోజులు దాటినా దిగకుండా, డేట్ రాకుండా ఉంటే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవాలి.

ఇది ఎవరికి కుదరదంటే స్టీల్ ప్లాంట్‌లో ఎ, బి, సి షిఫ్టులు మారుతూ పనిచేసేవాళ్లకి, ఆసుపత్రి నర్సులకి, రాత్రి డ్యూటీ చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకి, రాత్రుళ్లు పాలకి లేచే పసిబిడ్డ ఉన్న తల్లులకి. నిద్ర వేళే మారిపోతుంటే గీత అడ్డదిడ్డంగా వస్తుంది, ఏదీ అర్థం కాక విసుగొస్తుంది. షిఫ్టుల్లో పనిచేసే నా స్నేహితురాలు దీన్ని వదిలేసి కింద చెప్పబోయే తెల్లబట్ట గమనించే దారికి వెళ్లింది. సరైన నిర్ణయమే.

తెల్లబట్ట గమనించడం, స్ట్రిప్‌లు

తెల్లబట్ట అనగానే మనవాళ్లకి భయం. "ఎముకలు కరిగి పోతున్నాయి", "నీరసం దానివల్లే" అనే మాటలు ఇప్పటికీ వింటూనే ఉంటాం. అది నిజం కాదు. గర్భాశయ ముఖద్వారం దగ్గర తయారయ్యే ఈ ద్రవం హార్మోన్లని బట్టి మారుతుంటుంది. ఆస్ట్రేలియాకి చెందిన బిల్లింగ్స్ డాక్టర్ల జంట 1950ల నుంచి ఒక పద్ధతిగా తీర్చిదిద్దింది దీన్నే. డేట్ అయిపోయాక కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. తర్వాత జిగటగా, తెల్లగా వస్తుంది. అండం విడుదలకి దగ్గరపడుతున్నకొద్దీ పచ్చిగుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, జారుతూ, రెండు వేళ్ల మధ్య సాగేలా అవుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ చిక్కబడుతుంది లేదా ఆగిపోతుంది. బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు ఒక చూపు, రాత్రి నోట్‌బుక్‌లో ఒక మాట: పొడి, జిగట, సాగుడు. షిఫ్టులతో పనిలేదు, డబ్బుతో పనిలేదు. దురద, దుర్వాసన, పెరుగు ముక్కల్లా ఉండటం, ఆకుపచ్చ రంగు వీటిలో ఏది కనిపించినా అది ఇన్‌ఫెక్షన్ అయ్యుండొచ్చు, చూపించుకోవాలి.

నా దృష్టిలో ఒంటిని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. కానీ మనకి ఆ భాగాన్ని చూడటమే తప్పన్నట్టు నేర్పారు కాబట్టి మొదటి రెండు నెలలు ఇబ్బందిగానే ఉంటుంది.

ఎల్‌హెచ్ స్ట్రిప్‌లు దీనికి తోడుగా వాడొచ్చు. అండం విడుదలకి సుమారు 24 నుంచి 36 గంటల ముందు మూత్రంలో ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది, స్ట్రిప్ దాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ చాలామంది పొరబడేది గీతల దగ్గర. ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండో గీత లేతగా కనిపించినా ఉన్నట్టే. ఇందులో అలా కాదు. టెస్ట్ గీత కంట్రోల్ గీత అంత ముదురుగానో, ఇంకా ముదురుగానో ఉంటేనే పాజిటివ్. లేత గీత రోజూ ఉండొచ్చు. మీ అతి చిన్న చక్రంలోంచి 17 తీసేస్తే వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టండి. 28 రోజులైతే 11వ రోజు నుంచి. రోజూ ఒకే వేళకి, అంతకు ముందు రెండు గంటలు నీళ్లు ఎక్కువ తాగకుండా చేయాలి.

పిల్లల కోసం చూస్తున్నవాళ్లకి స్ట్రిప్‌లు బాగా పనికొస్తాయి. కేవలం తన గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకి నెలనెలా ఈ ఖర్చు అక్కర్లేదు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువగానే ఉండొచ్చు కాబట్టి రోజూ పాజిటివ్ చూపించి మోసం చేస్తాయి. నలభై దాటిన వాళ్లకీ అంతే.

గర్భం రాకుండా ఉండటానికి మాత్రం తేదీల లెక్కనీ, మామూలు యాప్‌నీ నమ్ముకోవద్దు. 8 నుంచి 19వ రోజు వరకు దూరంగా ఉండే పద్ధతి ఒకటుంది, చక్రం 26-32 రోజుల మధ్య ఉన్నవాళ్లకే. అయినా మామూలుగా పాటించేవాళ్లలో ఏడాదికి వందలో 12 మందికి గర్భం వస్తుంది. ఏఎన్ఎంని అడిగితే ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఛాయ మాత్రలు, అంతర ఇంజెక్షన్, కాపర్-టి గురించి చెబుతారు. వీటిలో ఏది మొదలుపెట్టినా డేట్ తీరు మారుతుందని గుర్తుంచుకోండి. ఛాయ వల్ల ఆలస్యం కావచ్చు, కాపర్-టి వల్ల మొదటి నెలల్లో ఎక్కువ అవ్వొచ్చు. మాలా-ఎన్ లాంటి మాత్రలు వాడుతున్నప్పుడు వచ్చేది అండం విడుదల తర్వాత వచ్చే డేట్ కాదు, కాబట్టి థర్మామీటర్, స్ట్రిప్‌లు రెండూ వృథా.

రింగులు, ల్యాబ్ ప్యాకేజీలు

స్మార్ట్ రింగులు, వాచీలు నిద్రలో వేడిని తామే కొలుచుకుంటాయి. పొద్దున్నే థర్మామీటర్ వెతుక్కునే శ్రమ ఉండదు. జవాబు మాత్రం థర్మామీటర్ ఇచ్చేదే, అదీ జరిగిన తర్వాతే. వేలకు వేలు పోసి దీనికోసమే కొనమని నేను చెప్పను. ఇంట్లో ఇప్పటికే ఉంటే వాడుకోండి.

"హార్మోన్ ప్యాకేజీ" అని ల్యాబ్‌లు అమ్మేవాటి దగ్గర జాగ్రత్త. హార్మోన్లు రోజురోజుకీ మారతాయి, ఒక్క రోజు రక్తంతో నెలంతా తెలియదు. ప్రొజెస్టెరాన్ పరీక్ష అందరికీ 21వ రోజే అంటారు, అది 28 రోజుల చక్రానికి. మీది 35 రోజులైతే 28వ రోజున చేయించాలి, అంటే రాబోయే డేట్‌కి వారం ముందు. లేకపోతే అండం విడుదలవుతున్నా లేదని రిపోర్టు వస్తుంది. అండాల నిల్వని అంచనా వేసే ఏఎంహెచ్ పరీక్ష సహజంగా గర్భం వస్తుందో లేదో చెప్పదు, మూడ్ గురించి అసలే చెప్పదు. డాక్టరు ఒక కారణంతో రాస్తేనే చేయించుకోండి.

మనసు సంగతి

చాలామంది నిజంగా తెలుసుకోవాలనుకునేది ఇదే. దీనికి పై వస్తువులేవీ అక్కరకు రావు, రోజూ రాత్రి రాసే ఆ ఒక్క వరసే కావాలి.

రాసే వేళ ముఖ్యం. డేట్ వచ్చాక వెనక్కి తిరిగి "అవును, పోయిన వారమంతా ఏడుపొచ్చింది" అనుకుంటే జ్ఞాపకం దానికి తగ్గట్టు కథ అల్లేస్తుంది. అందుకే డాక్టర్లు కూడా పీఎండీడీ అనే, డేట్‌కి ముందు మనసుని కుంగదీసే తీవ్రమైన సమస్యని నిర్ధారించడానికి కనీసం రెండు చక్రాలపాటు ఏ రోజుకారోజు రాసిన రికార్డు అడుగుతారు. ఆ రికార్డులో చూడాల్సింది చెడ్డ రోజుల్ని కాదు, మంచి రోజుల్ని. డేట్‌కి ముందు వారం చిరాకు, దిగులు, నిద్రలేమి ఉండి, డేట్ మొదలైన కొద్దిరోజుల్లో తగ్గి, ఆ తర్వాతి వారం పూర్తిగా తేలికపడుతోందా? అయితే అది నెలసరితో ముడిపడిందే. డేట్ అయిపోయిన వారంలో కూడా దిగులు అలాగే ఉంటే సమస్య వేరేచోట ఉంది. థైరాయిడ్, డిప్రెషన్, ఇంట్లో పరిస్థితి, ఏదైనా కావచ్చు. "పీరియడ్స్ వల్లేలే" అనుకుంటూ దాన్ని ఏళ్లతరబడి మోసుకు తిరగకూడదు. టెలి మానస్ 14416 నంబరుకి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రికార్డు పూర్తయ్యేదాకా ఆగవద్దు, ఆ రోజే ఫోన్ చేయండి.

రీల్స్‌లో కనిపించే నాలుగు దశల పట్టికల గురించి కూడా చెప్పాలి. మొదటి వారం విశ్రాంతి, రెండో వారం కొత్త పనులు, మూడో వారం జనంలోకి, నాలుగో వారం ఒంటరిగా. వినడానికి బాగుంటుంది. ఎవరికైనా అలా ఉండొచ్చు కూడా. కానీ అందరి శరీరాలూ ఆ పట్టిక ప్రకారం నడుస్తాయనడానికి ఆధారం లేదు. వ్యాయామం మీద 2020లో వచ్చిన విశ్లేషణలో డేట్ మొదటి రోజుల్లో సామర్థ్యం తగ్గితే చాలా కొద్దిగానే తగ్గుతుందనీ, ఎవరికి వారు తమ అనుభవాన్ని బట్టి చూసుకోవాలనీ తేలింది. ఆలోచనాశక్తి మీద 2025లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన విశ్లేషణ, వందకు పైగా అధ్యయనాలు కలిపి చూసినా, చక్రాన్ని బట్టి తెలివితేటలు మారతాయనడానికి ఆధారం దొరకలేదని చెప్పింది. పరీక్ష రోజు డేట్ వస్తుందని భయపడే ఇంటర్ పిల్లలకి ఈ మాట గట్టిగా చెప్పండి. నొప్పి ఉంటే నొప్పికి మందు ఉంది. బుర్ర పనిచేయడం ఆగదు.

ఇంకొకటి నాకు చాలా బాధ కలిగించేది. రాసుకోవడం మొదలుపెట్టాక ఇంట్లోవాళ్లు దాన్ని మన మీదే వాడటం. "నీకు డేట్ దగ్గరపడిందిగా, అందుకే అరుస్తున్నావు" అని భర్తో అత్తగారో అనేస్తే అడిగిన న్యాయమైన విషయం కూడా గాల్లో కలిసిపోతుంది. కోపం 25వ రోజున వచ్చినంత మాత్రాన కారణం అబద్ధం కాదు. ఆ నెల కోపం వచ్చిన సంగతి రాసిపెట్టుకుని, డేట్ అయ్యాక 8వ రోజున మళ్లీ చదవండి. అప్పటికీ అది అన్యాయంగానే అనిపిస్తే అది మాట్లాడాల్సిన విషయమే.

వయసుని బట్టి

కొత్తగా పెద్దమనిషి అయిన పిల్లకి యాప్ వద్దు, తనకంటూ ఒక చిన్న పుస్తకం ఇవ్వండి. తేదీ, నొప్పి, రెండే రాయమనండి. తెరిచి చూడకండి. ప్యాడ్ గంటకొకటి చొప్పున వరసగా నానిపోతున్నా, వారం దాటినా, మూడు నెలలు రాకపోయినా తనే వచ్చి చెప్పేలా ముందే మాట్లాడి ఉంచండి.

నలభై దాటిన వాళ్లకి మళ్లీ గోడ క్యాలెండరే ఉత్తమం. మన దేశంలో డేట్ ఆగిపోయే వయసు సగటున 46-47 ఏళ్లు. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే వరస నెలల మధ్య తేడా 7 రోజులకి పైగా పడటం మొదలవుతుంది. తర్వాత 60 రోజులకి పైగా రాకపోవడం మొదలైతే చివరి దశకి వచ్చినట్టు. వేడి ఆవిర్లు వస్తున్నాయా, విశాఖ ఉక్కకి పడుతున్న చెమటా అన్నది కూడా రాస్తేనే తేలుతుంది. ఆవిరి నిద్రలోంచి లేపుతుంది, ఏసీ గదిలోనూ వస్తుంది. ఏడాదిపాటు పూర్తిగా ఆగిపోయాక మళ్లీ ఒక్క మరక కనిపించినా అదే వారంలో డాక్టరు దగ్గరికి వెళ్లండి. దాన్ని "ఆఖరిసారి వచ్చిందేమో" అని వదిలేయకూడదు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నోట్‌బుక్ మొత్తం చూపించే తీరిక ఓపీలో ఎవరికీ ఉండదు. ఒక తెల్లకాగితం మీద ఆఖరి ఆరు తేదీలు, ఒక్కోసారి ఎన్ని రోజులు అయ్యింది, ప్యాడ్‌ల లెక్క, ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు, మీరు అడగాలనుకున్న ఒక్క ప్రశ్న రాసి ఓపీ చీటీతో పాటు పిన్ చేసి పట్టుకెళ్లండి.